మతం అన్న గడిలో

నవంబరు 3, సోమవారం

నేను క్రైస్తవుణ్ణని ఎవరో ప్రభుత్వానికి ఫిర్యాదు చేశారు. నాకే ఆ సంగతి అంత గట్టిగా తెలియదు.

పోస్ట్‌మన్ పదకొండు గంటలకు వచ్చి, సంతకం పెట్టించుకుని కవరు ఇచ్చాడు. రెండుసార్లు చదివాను. జమ్మలమడుగు నివాసి సుందరం కుమార్తె జీవిత పుట్టుకతో క్రైస్తవురాలై ఉండి, ఎస్సీ సర్టిఫికెట్టుతో డీఎస్సీలో టీచరు ఉద్యోగం పొందిందని అర్జీ అందింది. తండ్రీకూతుళ్లు డిసెంబరు నాలుగున విచారణకు హాజరు కావాలి. అర్జీతో జతచేసినది ఫొటో ఒకటి.

ఆ ఫొటో నకలు కూడా పెట్టారు. నా భార్య దీవెనమ్మ సమాధి. నల్లరాయి, సిలువ, ఆమె పేరు, ‘ప్రభువునందు నిద్రించినది’ అన్న మాట. ఎవరో ఎండలో నిలబడి తీశారు. తీసినవాళ్ల నీడ కూడా రాతి మీద పడింది. నీడను బట్టి మనిషి ఎవరో చెప్పలేం.

జీవిత ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు.


నవంబరు 4

జీవితకు ఇంకా చెప్పలేదు.


నవంబరు 5

చెప్పనక్కర లేకపోయింది. వల్లూరు మండలంలో తను పనిచేసే స్కూలుకే ఇంకో కాయితం పోయిందట. మధ్యాహ్నం ఇంటర్వెల్లులో ఫోన్ చేసింది.

“నాయనా, నీకు వచ్చిందా?”

“వచ్చింది.”

“ఎప్పుడు?”

“ఈ పొద్దే,” అన్నాను.

అవతల తలుపు వేసిన చప్పుడు వినపడింది. తర్వాత అంది: “హెడ్‌మాస్టరు సారు మంచిగానే చెప్పినాడు. స్టాఫ్ రూములోకి నేను పోతానే అందరూ మాటలు ఆపుతాండారు. ఆరేండ్లు చదివినా నాయనా దీనికోసం. ఇది పోతే నేనేం చేయల్ల?”

“పోదులే పాపా. నేనుండా గదా,” అన్నాను.

దీవెనమ్మకు కూడా ఆసుపత్రిలో ఇదే మాట చెప్పేవాణ్ణి.


నవంబరు 7

రాసుకుంటే తేటపడుతుందేమోనని కూర్చున్నాను.

మా తాతకు తాత ఒక కరువు సంవత్సరం మిషన్ దొరల చేత బాప్తిస్మం పుచ్చుకున్నాడు. గంజికోసం పుచ్చుకున్నాడని ఊరివాళ్లు అన్నారు. దేవుని కోసమని మావాళ్లు అన్నారు. రెండూ కావచ్చు. ఆకలి వేరు, దేవుడు వేరు అని విడదీసి చూసుకునే తీరిక ఆయనకు ఉండి ఉండదు. మా నాయన ఉపదేశి. సంచిలో వేదపుస్తకం పెట్టుకుని పెన్న దాటి పల్లెలన్నీ కాలినడకన తిరిగాడు. చచ్చేదాకా పాకలోనే ఉన్నాడు.

నాకు టీచరు ఉద్యోగం వచ్చింది ఎనభై ఆరులో. ఎస్సీ సర్టిఫికెట్టు కోసం ఫారం నింపుతుంటే, మతం అన్న గడిలో గుమాస్తా నన్ను అడగకుండానే ‘హిందూ’ అని రాశాడు. “ఇట్ల రాయకపోతే నీకు ఎస్సీ రాదప్పా, బీసీ-సీ అయితావు,” అన్నాడు. చట్టం అదే. మా కులంవాడు గుడికి పోయినా, పోకపోయినా, ఏ దేవుణ్ణీ నమ్మకపోయినా ఎస్సీయే. చర్చికి పోతే మాత్రం కాదు. నేను ఏమీ అనలేదు. ఇంటికి తెచ్చి నాయనకు చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, మడిచి, మళ్లీ కవరులో పెట్టి నా చేతికిచ్చాడు. ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు బతికాడు, ఒక్క మాట అనలేదు.

నేను మొదట పనిచేసిన ఊళ్లో టీకొట్టువాడు నా గ్లాసు వేరే పెట్టేవాడు. హెడ్‌మాస్టరునై ఆ ఊరికే తిరిగి పోయిన తర్వాత కూడా వేరేనే. నువ్వు చర్చికి పోతావా, గుడికి పోతావా అని ఆ గ్లాసు ఇచ్చేముందు ఎన్నడూ అడగలేదు. ఈ మాట విచారణలో చెప్పాలని ఉంది. చెప్పను. వాళ్లు అడిగేది అది కాదు.


నవంబరు 9, ఆదివారం

చర్చిలో వేదపుస్తకంలోంచి పాఠం చదివాను. ఇరవై ఏళ్లుగా నేనే చదువుతున్నాను. నా గొంతు బాగుంటుందని అంటారు. ముందు వరసలో ఇద్దరు ముసలమ్మలు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం అక్షరాలే కనిపించాయి. రేడియో కూడా అంతే కదా. అది నమ్మి చెబుతుందా, నమ్మకుండా చెబుతుందా అని వినేవాళ్లు ఎవరూ అడగరు.

దీవెనమ్మకు కడుపులో గడ్డ అని తెలిసిన రోజు నుంచి పోయేదాకా ఎనిమిది నెలలు. సంఘమంతా ఉపవాసాలున్నారు. నేను మోకాళ్లు కాయలు కాసేలా ప్రార్థన చేశాను. అడిగినది పెద్దదేం కాదు. కూతురు టీచరు కావడం చూసేంత వరకు ఉంచమని అడిగాను. చివరి వారం మందు పనిచేయడం మానేసింది. ఆమె నొప్పితో మంచం పట్టీని కరిచింది. పళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. పోయిన రోజు సాయంత్రం కొంచెం తెరిపిన పడినప్పుడు నా చెయ్యి పట్టుకుని అడిగింది:

“నువ్వు ప్రార్థన చేస్తాండావు గదా?”

“చేస్తాండా,” అన్నాను.

అప్పటికి నాలుగు రోజులైంది నేను మానేసి. రెండేళ్లు దాటింది ఇప్పటికి. మానేశానని ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. పాఠం చదవమంటారు, చదువుతాను.


నవంబరు 12

పొద్దున బస్సుకు ప్రొద్దుటూరు పోయాను. వినోద్ కుమార్ మా అక్క కొడుకు, అక్కడ లాయరు. మెడ ఎత్తున కాయితాలు పేర్చుకుని కూర్చుని ఉన్నాడు. నోటీసు చదివి టీ తెప్పించాడు.

“మామా, ఒక మాట గుర్తు పెట్టుకో. నువ్వు దేవుణ్ణి నమ్ముతాండావా అని వాళ్లు అడగరు. కాయితంలో రాసింది నిజమా కాదా అని అడుగుతారు. కాయితానికి నమ్మకంతో పని లేదు.”

“నువ్వేం రాసుకున్నావు నీ కాయితంలో?”

నవ్వాడు. “క్రిస్మస్‌కు ఇంట్లో కేకు కోస్తా. కోర్టులో హిందువును. పుట్టినప్పటి నుంచి ఇంతే గదా మామా మనకు. నాకేం నొప్పి లేదు.”

తర్వాత చెయ్యవలసినవన్నీ చెప్పాడు. గోడల మీద పటాలు తీసెయ్యాలి. విచారణ అయ్యేదాకా చర్చికి పోకూడదు. మనవాళ్లు కాకుండా ఇరుగుపొరుగు ఒకరు సాక్ష్యం చెప్పాలి. సమాధి సంగతి అడిగితే ఏం చెప్పాలో కూడా అతనే చెప్పాడు: చర్చికి పోయేది దీవెనమ్మ ఒక్కతేనని, ఆమె నమ్మకం ఆమెదని, ఆమె పుట్టింటివాళ్లే అక్కడ పూడ్చి రాయి పెట్టించారని, నేనూ పాపా ఎప్పుడూ అందులో లేమని.

ఆలోచించుకుంటానన్నాను. అతను అప్పటికే టైపు చేయిస్తున్నాడు.


నవంబరు 13

అబద్ధం కాదు.


నవంబరు 14

అబద్ధం కాదు. నమ్మకం లేనివాడు లేదని చెబితే అది అబద్ధం ఎలా అవుతుంది? రెండేళ్లుగా ఆదివారం ఆదివారం చర్చిలో నిలబడి చదువుతున్నదే అబద్ధం. ఇప్పుడు ఒక్కసారి ఆఫీసులో నిజం చెప్పబోతున్నాను. అంతే.

ఇంత తేలికైన లెక్క రాత్రంతా చేస్తూనే ఉన్నాను.


నవంబరు 16, ఆదివారం

పోలేదు. గంట కొట్టినప్పుడు కాళ్లు వాటంతటవే చెప్పుల దగ్గరికి పోయాయి. వెనక్కి వచ్చి కూర్చున్నాను.

సాయంత్రం పాస్టరు జీవన్ కుమార్ వచ్చాడు. చిన్నవాడు, ముప్పై అయిదు కూడా ఉండవు. దీవెనమ్మను సమాధి చేసినది ఇతనే. ఒంట్లో బాగా లేదని చెప్పాను. నమ్మినట్టు తల ఊపాడు. కాసేపటికి తనే ఎత్తాడు.

“సార్, మీకు నోటీసు వచ్చిందని విన్నా. నా దగ్గర బాప్తిస్మం రిజిస్టరు ఉండాది. మీ పేరు ఉండాది, పాప పేరు ఉండాది. నేనైతే తీసుకపోయి ఇయ్యను. వాళ్లు వచ్చి అడిగితే మాత్రం లేదని చెప్పలేను. ఆ పేజీ చించలేను సార్. ఈ ఒక్క మాట మీకు ముందే చెప్పల్లనని వచ్చినా.”

“చించమని నేను అడగను,” అన్నాను.

“అడగరని తెలుసు.” లేచి గడప దగ్గర ఆగాడు. “ప్రార్థన చేస్తాండారు గదా సార్?”

“చేస్తాండా,” అన్నాను.


నవంబరు 19

పటాలు తీశాను. మూడు. గోడకు సున్నం వేసి ఆరేళ్లయింది. పటాలు ఉన్నచోట మాత్రం గోడ కొత్తగా, తెల్లగా ఉంది. క్యాలెండరు ఒకటి తగిలించాను. రెండు గుర్తులు కప్పింది, మూడోది కప్పలేదు.

హబీబుల్లా వచ్చి గోడ చూశాడు. ఎదురిల్లే. కువైట్‌లో పదహారేళ్లు టైలరు పనిచేసి వచ్చాడు. ఇప్పుడు ఇంట్లోనే మిషను కుట్టుకుంటాడు. ముప్పై ఏళ్ల స్నేహం మాది. అతని కొడుకు మొయిన్‌కు అక్షరాలు దిద్దించింది నేనే. సాక్ష్యం గురించి ఎలా అడగాలా అని నేను తిప్పలు పడుతుంటే అతనే అన్నాడు:

“జీవిత ఫోన్ చేసింది సారూ. నేను చెప్తా. సుందరం సారు చర్చికి పోయేది నేను ఎప్పుడూ చూడలేదని చెప్తా.”

“హబీబ్ భాయ్, నువ్వు నమాజు తప్పని మనిషివి. నాకోసం అబద్ధం...”

“ఆ పిల్ల నా కండ్ల ముందర పెరిగింది సారూ. అబద్ధం ఆడినందుకు నేను నా దేవునితో మాట్లాడుకుంటా. నువ్వు నీ దేవునితో మాట్లాడుకో.”

అతను వెళ్లిపోయాక చాలాసేపు కూర్చున్నాను. అతనికి మాట్లాడుకోవడానికి ఒకడు ఉన్నాడు.


నవంబరు 24

విచారణకు ముందు ఇల్లు చూసి రిపోర్టు రాసే మనిషి వచ్చింది. రెవిన్యూ ఇన్‌స్పెక్టరు, ఫరహత్ అని పేరు చెప్పుకుంది. పెద్దగా కటువు మనిషి కాదు. మంచినీళ్లు అడిగి తాగింది. గది అంతా ఒకసారి చూసింది. ఆమె చూపు ఆ మూడో తెల్లటి గుర్తు మీద ఆగింది. నా చూపు కూడా అక్కడే ఉంది. ఇద్దరం కలిసి కాసేపు ఆ గోడ వైపు చూశాం.

“మీ భార్య సమాధి ఆ సమాధుల తోటలో ఉండాదా సార్?”

“ఉండాది.”

“మీరు పెట్టించిందేనా?”

“ఆమె పుట్టింటోళ్లు పెట్టించినారు. ఆమెకు ఆ నమ్మకముండె. నాకు లేదు.”

“ఎప్పుడూ లేదా?”

ఈ ప్రశ్న కాయితంలో ఉందో, ఆమె సొంతంగా అడిగిందో నాకు తెలియదు. “లేదు,” అన్నాను. రాసుకుంది. ఎదురింటి నుంచి హబీబుల్లా వచ్చి తన మాట చెప్పాడు. తడబడకుండా చెప్పాడు. తన పేరు కింద సంతకం పెట్టి, వెంటనే లోపలికి వెళ్లిపోయాడు. ఆ పూట మళ్లీ మిషను చప్పుడు వినపడలేదు.

దీవెనమ్మ పుట్టింటివాళ్లలో ఇప్పుడు ఎవరూ లేరు. ఉన్న ఒక్క తమ్ముడు ఆమె పోయిన మరుసటి ఏడాదే పోయాడు. కాదని చెప్పడానికి ఎవరూ రారు.


నవంబరు 29

జీవిత వచ్చింది. సంచి కింద పెట్టకుండానే గోడ చూసింది. తర్వాత బల్ల మీద వినోద్ పంపిన స్టేట్‌మెంటు చదివింది. నిలబడే చదివింది.

“అమ్మ మీద ఎందుకు పెట్టినావు నాయనా?”

“లాయరు రాసింది పాపా. అట్ల రాస్తేనే నిలబడుతుందంట.”

“అమ్మ ఒక్కతే పోయేదా? నన్ను ఎత్తుకోని పోయింది నువ్వే గదా. నాకు పాటలు నేర్పించింది నువ్వే గదా.”

“ఇప్పుడు నమ్మడం లేదు లే. అందుకే తప్పు లేదు అనుకుంటాండా,” అన్నాను. రెండేళ్లలో మొదటిసారి నోటితో చెప్పిన మాట అది. పెద్ద విషయం చెబుతున్నానని అనుకున్నాను.

ఆమె కుర్చీలో కూర్చుంది. “అది నాకు తెలుసు నాయనా. అమ్మ పోయిన దినం నుంచి తెలుసు. అన్నం ముందర కండ్లు మూసుకుంటావు గాని పెదాలు కదలవు. అయినా నువ్వు చర్చిలో చదువుతాంటే నాకు ధైర్యంగా ఉండె. నమ్మకపోయినా నిలబడి చదువుతాండాడు, మా నాయన వదిలిపెట్టి పోలేదు అనుకునేదాన్ని.”

స్టేట్‌మెంటు మడిచి కవరులో పెట్టాను.

“వద్దు నాయనా, నిజమే చెప్తాం. ఉద్యోగం పోతే పోనీ,” అంది. నేను సరే అనలేదు, వద్దు అనలేదు. బయట కూరగాయల బండి వచ్చి వెళ్లిపోయింది. అప్పుడు ఏడ్చింది. “లేదు. నాకు ఉద్యోగం కావాల. నేను అంత గట్టిదాన్ని కాదు. మళ్లా ఆ కోచింగు గదుల్లోకి పోలేను.” మొహం కడుక్కుని వచ్చి ఇద్దరికీ అన్నం వడ్డించింది. ఆమె కళ్లు మూసుకుని తినే ముందు ప్రార్థన చేసుకుంది. నేను ఆమె పెదాలు చూశాను. కదిలాయి.


డిసెంబరు 4, గురువారం

పదిన్నరకు పిలుస్తామన్నారు, మూడు గంటలకు పిలిచారు. లోపల అధికారి, గుమాస్తా, ఫరహత్ మేడం. గుమాస్తా స్టేట్‌మెంటు పైకి చదివాడు. అతని గొంతు కూడా బాగుంది.

‘నేను గానీ, నా కుమార్తె గానీ ఏనాడూ క్రైస్తవ మతమును అవలంబించలేదు.’

“ఇది మీ ఇష్టపూర్తిగా చెప్తున్న మాటేనా?” అధికారి అడిగాడు.

“అవును.”

ముందు జీవిత సంతకం పెట్టింది. దాని చెయ్యి వణకలేదు. అది వణికి ఉంటే ఏదో ఒక సాకు చెప్పి బయటికి తీసుకొచ్చేవాణ్ణేమో. తర్వాత నేను పెట్టాను. ముప్పై ఏళ్లకు పైగా మార్కుల రిజిస్టర్లలో పెట్టిన సంతకమే. పొల్లు పోకుండా వచ్చింది.

బయట చెరుకురసం తాగాం. “అయిపోయింది గదా నాయనా?” అంది. అయిపోయిందన్నాను. కడప బస్సు ఎక్కించాను. బస్సు కదిలాక కిటికీలోంచి నన్ను చూడలేదు.


డిసెంబరు 5

ఏమీ కాలేదు. అన్నం సహించింది. నిద్ర పట్టింది. ప్రభువును ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడు బయటికి పోయి ఏడ్చాడని వందసార్లు చదివి వినిపించాను జనానికి. నాకు ఏడుపు కూడా రాలేదు.


డిసెంబరు 7, ఆదివారం

ఈ రోజు సంస్కారం ఇచ్చే ఆదివారం. రొట్టె, ద్రాక్షరసం. విచారణ అయిపోయింది కాబట్టి పోవచ్చు, ఎవరూ చూడరని వినోద్ ఫోన్‌లో చెప్పాడు.

తెల్లచొక్కా వేసుకున్నాను. చర్చి గేటు దాకా పోయాను. లోపల పాట మొదలైంది. ఆ పాట నాకు నోటికి వచ్చు. గేటు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. నమ్మకపోయినా రెండేళ్లు లోపలికి పోయాను. అప్పుడు లేని అడ్డం ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది? నాకు లేదని నేనే రాసిచ్చాను. లేనిది పోతే ఇంత వెలితిగా ఎందుకుంటుంది? ఉండేదేమో. నాకు తెలియకుండా ఏదో ఒక మూల ఉండేదేమో. అది ఉందని కనుక్కున్నది దాన్ని అమ్ముకున్న తర్వాత.

లోపల నా బదులు ఎవరో చదువుతున్నారు. ఆడగొంతు. నాకన్నా బాగా చదువుతోంది.

ఇంటికి వచ్చేశాను.


డిసెంబరు 16

ఆర్డరు వచ్చింది. ఆధారాలు లేనందున అర్జీ కొట్టివేయడమైనది.

జీవిత ఫోన్ చేసి నవ్వింది, ఏడ్చింది. స్టాఫ్ రూములో లడ్లు పంచానని చెప్పింది. హబీబుల్లాకు చెబితే, “అల్హందులిల్లా, దేవుని దయ,” అన్నాడు. తర్వాత తల దించుకున్నాడు. ఆ మాట ఇక్కడ అనవచ్చో లేదో అని అతనికే అనుమానం వచ్చినట్టుంది.

రిజిస్టరు కోసం ఎవరూ పాస్టరు దగ్గరికి పోలేదట.


డిసెంబరు 20

పటాలు మళ్లీ తగిలించబోయాను. చెయ్యి రాలేదు.


డిసెంబరు 25

జీవితను రావద్దన్నాను. స్కూలు దగ్గరే ఉండు, నాలుగు రోజులు పోనీ అన్నాను. ఇంటి మీద నక్షత్రం వెలిగించలేదు. వీధిలో చర్చికి పోయే ఇళ్లల్లో మాదొక్కటే చీకటి.

ప్రతి క్రిస్మస్‌కూ దీవెనమ్మ బిర్యానీ చేసి ఎదురింటికి పంపేది. ఆమె పోయాక నేను హోటలు నుంచి తెప్పించి పంపేవాణ్ణి. ఈసారి పంపలేదు. మధ్యాహ్నం హబీబుల్లా భార్య ఖమ్రున్నీసా గిన్నె తీసుకొచ్చింది.

“మీరు పంపలేదు గదా అన్నా, అందుకే మేమే చేసినాం,” అని బల్ల మీద పెట్టింది. గోడ వైపు చూసి, కొంగు సర్దుకుని, మెల్లగా అంది: “ఆయన ఆ పొద్దు నుంచి సరిగ్గా తినడం లేదన్నా. నమాజులో ఎక్కువసేపు కూర్చుంటాండాడు. మిమ్మల్ని ఏమీ అనడు. మీరు ఒకసారి వచ్చి మాట్లాడితే బాగుంటాది.”

పోయాను. ఇద్దరం మిషను పక్కన కూర్చున్నాం. అతను కాజాలు కుడుతున్నాడు.

“నీ మీద నాకేం లేదు సారూ,” అన్నాడు. “మళ్లా అడిగినా మళ్లా చెప్తా. కాకపోతే బరువుగా ఉండాది. అంతే.”

నేను క్షమించమని అడగాలనుకున్నాను. అడిగితే అతను క్షమిస్తాడు. అందుకే అడగలేకపోయాను.


డిసెంబరు 26

ఇది నేను మాత్రమే చదివే పుస్తకం. అయినా ఇందులో కూడా అబద్ధం రాశాను.

నవంబరు పన్నెండున ప్రొద్దుటూరులో, దీవెనమ్మ మీద పెడదామని వినోద్ చెప్పలేదు. సమాధి సంగతి ఎలా అని అతను తల గోక్కుంటుంటే నేనే చెప్పాను. “మీ అత్త ఒక్కతే పోయేదని రాయి,” అన్నాను. అతను రాయడం ఆపి నా మొహం చూశాడు. “మామా, అత్తమ్మ గదా. అది బాగుండదేమో. వేరే ఏమన్నా చూస్తాం,” అన్నాడు. “ఆమె పోయింది, ఆమెకేం నష్టం?” అన్నాను. ఆమె పుట్టింటివాళ్లు ఎవరూ లేరన్న సంగతి కూడా అప్పుడే గుర్తు చేసుకుని చెప్పాను. ఆలోచించుకుంటానన్నది నేను కాదు. అతను.

ఎందుకు చెప్పాను? జీవిత ఉద్యోగం కోసం అని నలభై రోజులుగా చెప్పుకుంటున్నాను. అదొక్కటే కాదు. చచ్చేదాకా ఆమె నమ్మింది. పళ్లతో పట్టీ కరుస్తూ కూడా నమ్మింది. నేను నాలుగు రోజుల ముందే చెయ్యి వదిలేశాను. ఆమె నమ్మకం మీద నాకు కోపం. ఆ కోపాన్ని స్టాంపు కాయితం మీద తీర్చుకున్నాను.

విచిత్రం ఏమిటంటే ఆ కాయితంలో ఆ ఒక్క ముక్క నిజం. ఆమెకు నమ్మకముండె.


డిసెంబరు 28, ఆదివారం

పొద్దున ఇంట్లో ఉండలేకపోయాను. గంట వినపడకముందే బస్టాండుకు పోయాను. పులివెందుల బస్సు కదులుతుంటే ఎక్కాను. అక్కడ నన్ను ఎరిగినవాళ్లు లేరు. ముద్దనూరు మీదుగా రెండు గంటలు. కిటికీ పక్కన అరటితోటలు మొదలయ్యాక, ఎందుకు పోతున్నానో నాకు తెలిసింది.

ఊరి చివర రేకుల షెడ్డులో ఒక ప్రార్థన మందిరం కనిపించింది. మా చర్చి లాగా రాతి కట్టడం కాదు. చాపలు పరిచి ఉన్నాయి. గోడ పక్కన ముసలివాళ్ల కోసం నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. చివరి కుర్చీలో కూర్చున్నాను. డ్రమ్ములు, చప్పట్లు. అవన్నీ నాకు అలవాటు లేనివి. పాటలు కూడా తెలియనివి. అది మేలైంది.

పాటలు అయ్యాక పాస్టరు మైకులో అన్నాడు: “ఈ దినం కొత్తగా వచ్చినోళ్లు ఎవరన్నా ఉంటే లేచి నిలబడండి.”

నేను కదల్లేదు. ముందు కూర్చున్న ఆవిడ వెనక్కి తిరిగి చూసి చెయ్యి చూపించింది. అందరూ తిరిగారు. లేచాను.

“దా పెద్దాయనా, ముందరికి దా. ఏ ఊరు?”

“జమ్మలమడుగు.”

“ఏ సంఘం?”

నోరు తెరిచాను. ఏ సంఘం పేరు చెప్పే హక్కు నాకుంది? నా చేత్తో కాదని రాసిచ్చాను. “ఏ సంఘమూ లేదు,” అన్నాను.

పాస్టరు మొహం విప్పారింది. నన్ను ఇంకా ప్రభువును ఎరగనివాణ్ణి అనుకున్నాడు. ఎవరో పిలిస్తే మొదటిసారి వచ్చిన మనిషిని అనుకున్నాడు. దగ్గరికి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా, మైకు పక్కకు పెట్టి అడిగాడు: “నమ్మకం ఉండాదా పెద్దాయనా?”

అయిదు తరాల మనిషిని. ఉపదేశి కొడుకును. ఇరవై ఏళ్లు చర్చిలో పాఠం చదివినవాణ్ణి. దీవెనమ్మకు ఉందన్నాను. పాస్టరు జీవన్‌కు ఉందన్నాను. ఫరహత్ మేడంకు లేదన్నాను. ఏ ఒక్కరికీ నిజం చెప్పలేదు.

“తెలియదు నాయనా,” అన్నాను.

“తెలియకపోయినా పర్వాలేదు,” అన్నాడు. జనం వైపు తిరిగి, ఈ పెద్దాయనకు నమ్మకం కలగాలని అందరం ప్రార్థన చేద్దాం అన్నాడు. పని చేసుకునే మనుషులు, కాయకష్టం చేతులు. ఇద్దరు ముగ్గురు లేచి వచ్చి నా తల మీద, వీపు మీద చేతులు వేశారు. ఒకామె చేతికి ఉల్లిపాయ వాసన. మోకాళ్ల మీదికి ఎప్పుడు దిగానో గుర్తులేదు. నా పేరు కూడా వాళ్లకు తెలియదు. పెద్దాయన, పెద్దాయన అనే అన్నారు. మొదటి నుంచి మొదలుపెట్టే మనిషి కోసం ఎలా అడుగుతారో అలా అడిగారు.

నాకు వెలుగేమీ కనిపించలేదు. ఎవరూ మాట్లాడినట్టు అనిపించలేదు. పైన రేకులు ఎండకు టపటపమంటున్నాయి, అంతే. కాని వాళ్లు అడుగుతున్నది అబద్ధం కాదు. నాకు లేనిది ఏదో సరిగ్గా అదే అడుగుతున్నారు.

వాళ్లు ముగించారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అన్నాను, అందరికన్నా ఆలస్యంగా, ఒక్కణ్ణే.